ఇరువదినాలుగు డిగ్రీల వద్ద
వేసవి ప్రవేశించినది మొదలు మన పట్టణములందు ఏసీ యంత్రములు రేయింబవళ్లు నడచుచుండగా, వానికి వలయు విద్యుత్తులో అధికభాగము రామగుండము వంటి తాపవిద్యుత్కేంద్రములలో బొగ్గును దహించి పుట్టించినదే యనియు, ఆ దహనమున వెలువడు బొగ్గుపులుసు వాయువు భూతాపమును హెచ్చించుననియు ఎందరు తలంచుచున్నారు? ఆ తాపమును మొదట భరించువారు, ఏసీ యన నెట్టిదో యెరుగని ఉపాధికూలీలు. 2020 జనవరి నుండి నూతనయంత్రములు 24 డిగ్రీలతోనే మొదలగునట్లు కేంద్రప్రభుత్వము నియమించినది. ఒక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ప్రభుత్వసంస్థయగు బీఈఈ అంచనా. అయినను మీట మన చేతిలోనిదే గనుక, దానిని 18కి దించి దుప్పటి కప్పుకొని నిద్రించుట మాకు ఎంతమాత్రమును సమంజసముగా తోచదు. అట్లే విద్యుత్తును మిగుల్చుటకై, 75 వాట్ల పాత పంకాకు మారుగా 30 వాట్లతో తిరుగు కొత్తదానిని కొనగలవారు ఈ వేసవిలోనే అమర్చుకొనవలెను.