వెనక బండికి వెలుగెవరిస్తారు?

టెక్సాసులో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య ఒక చిక్కుప్రశ్న వ్రాసి పంపాడు. అక్కడివాళ్లు సెలవులొస్తే ఇంటినే బండిగా చేసుకుని బయలుదేరుతారు. వంటగది, పడకగది, స్నానాలగది అన్నీ వున్న బస్సంత వాహనం. మోటార్‌హోం అంటారు, మనం మోటారు ఇల్లు అందాం. అయితే కూరలు కొనడానికి ఇంటినంతా బజారుకు తోలుకుపోలేరు గదా! అందుకని ఒక చిన్న కారును కొక్కెంతో వెనక తగిలించి, నాలుగు చక్రాలూ నేలమీద దొర్లుతుండగా ఈడ్చుకుపోతారు. మావాడు అలా ఎనిమిది గంటలు ప్రయాణంచేసి, మజిలీ చేరి, కారు విప్పి తాళంచెవి తిప్పితే ‘టిక్కు’మన్నదట. అంతే! మరి ఉలుకూ పలుకూ లేదు. “మాస్టారూ! ముందు బండి ఎంత దూరం పరుగెత్తిందో వెనక కారు చక్రాలూ అంత దూరమూ తిరిగాయి. దాని బాటరీ నిండటమేమిటి, దీనిది ఎండటమేమిటి?” అని వాడి ప్రశ్న.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి బాటరీ సంగతి అడగడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని సికిందరాబాదులో కాపరమున్నవాడికి ఈ ప్రశ్నకు జవాబు రోజూ పట్టాలమీద కూతవేసుకుంటూ పోతూనే వుంటుంది. ఒక బండి ఈడుస్తుంటే వెనక వచ్చే బండిలో దీపం వెలగాలంటే ఏం చెయ్యాలన్నది రైలువాళ్లు నూరేళ్లకు పైబడి బుర్రలు బద్దలుకొట్టుకున్న సమస్య.

ముందు కారు సంగతి చూద్దాం. కారులో కరెంటు పుట్టించే యంత్రానికి చక్రాలతో చుట్టరికం లేదు. దాని బెల్టు ఇంజనుకు తగిలించి వుంటుంది. ఈడ్చుకుపోయే కారులో ఇంజను ఆపి వుంటుంది కాబట్టి చక్రాలు కాశీకి పోయివచ్చినా అక్కడ ఒక్క చుక్క కరెంటు పుట్టదు. పల్లకీలో కూర్చున్నవాడికి కాళ్లు బలపడనట్లే! పోనీ, పుట్టకపోతే పుట్టకపోయె, వున్నదైనా వుండాలి గదా అంటారు. అదీ వుండదు. మలుపుల్లో ముందుచక్రాలు తిరగాలంటే స్టీరింగు తాళం వీడాలి. చాలా కార్లలో అందుకు తాళంచెవి ఒక మెట్టు తిప్పి వుంచాలి. ఆ మెట్టు తిప్పగానే లోపల ఏవేవో మేలుకుని కొంచెం కొంచెంగా తాగుతూ వుంటాయి.

మన పాఠ్యపుస్తకాలు బాటరీకి పెట్టిన పేరు ఘటమాల. ఎంత అందమైన మాట! కుండల దండ. కారులో ఆరు కుండలు, ఒక్కొక్కదానికి సుమారు రెండు వోల్టులు. దండ మొత్తం 50 ఆంపియర్-గంటలు పట్టేదనుకోండి. గంటకు 5 చొప్పున ఎనిమిది గంటలు కారితే 40 పోయాయి. అడుగున మిగిలిన పదితో ఇంజను కదలదు.

ఇప్పుడు రైలు దగ్గరకు రండి. 1874 లో వాడీ నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు వచ్చిన రోజుల్లో పెట్టెల్లో వెలుగంటే నూనెదీపమే. ఆ తరువాత గాసు, దాని వెనక ఎలక్ట్రిక్ దీపం వచ్చాయి. ముందున్నదేమో ఆవిరి ఇంజను. దానిదగ్గర నిప్పూ నీళ్లూ తప్ప కరెంటెక్కడిది? అప్పుడు, 1890 ప్రాంతాల, లండనులోని స్టోన్ కంపెనీవారు ఒక ఉపాయం వ్యాప్తిలోకి తెచ్చారు. పెట్టె కింద డైనమో వేలాడగట్టి, దాన్ని బెల్టుతో ఆ పెట్టె ఇరుసుకే తగిలించారు. చక్రం తిరిగితే డైనమో తిరుగుతుంది, కింద పెట్టిన బాటరీ నిండుతుంది. ఎవరు ఈడుస్తున్నారన్న ప్రశ్న లేదు. ఏ పెట్టె సంపాదన ఆ పెట్టెదే.

వినడానికి సులువే కాని ఇందులో తిరకాసులు చాలా వున్నాయి. బండి వేగం పెరిగితే కరెంటు మితిమీరుతుంది. దానికి డైనమోను కొంచెం ఏటవాలుగా వేలాడదీసి, ఒక హద్దు దాటాక బెల్టే జారిపోయేటట్లు చేశారు. ఇక రైలు వచ్చినదారిన వెనక్కు మళ్లితే డైనమో ఎదురు తిరుగుతుంది, ప్లస్సు మైనస్సు తారుమారవుతాయి. బ్రష్షులు పట్టుకునే చట్రం తనంతట తాను పక్కకు ఒరిగి సర్దుకునే ఏర్పాటు చేశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది బండి ఆగినప్పటి సంగతి. అప్పుడు డైనమో బాటరీని నింపడం మాని, తానే బాటరీని తాగడం మొదలుపెట్టకుండా మధ్యలో ఒక తలుపు మూసుకుపోవాలి. ఈ తలుపును గుర్తుంచుకోండి. మావాడి కారుకూ ఇదే కావాలి.

మన పాతరకం పెట్టెల్లో ఇప్పటికీ సూత్రం అదే. డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చింది, 24 వోల్టులు పోయి 110 వచ్చాయి, కుండలు 56 అయినాయి. ఎదురు తిరిగినా పేచీ లేదు. కాని ఇరుసును నమ్ముకున్నవాడి సంపాదన నడకలోనే వున్నది. సుమారు ఇరవై కిలోమీటర్ల వేగం అందుకుంటేగాని కరెంటు రాదు. సిగ్నలు పడక రాత్రివేళ బండి గంటలతరబడి పొలాల మధ్య నిలిచిపోతే లోపల ఫానులు బరువెక్కి, దీపాలు పసుపుపచ్చనై మిణుకుమనడం ఒక వయసు వచ్చినవారందరూ చూసిందే. చంటిపిల్ల తల్లికి పాలసీసా కనబడదు. బండి కదిలి వేగమందుకున్నాక దీపం తెల్లబడుతుంటే పెట్టె అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకునేది. ఆ బాటరీ అలాగే ఖాళీగా పడివుంటే లోపలి సీసపు పలకల మీద ఉప్పు గట్టిపడి, మళ్లీ పూర్తిగా నిండే శక్తి తగ్గిపోతుంది. 1893 నాటి మన లాలాగూడ వర్కుషాపుకు మరమ్మతుకు వచ్చే పెట్టెల్లో, పైన రంగు ఎంత నిగనిగలాడినా, కింద ఈ కుండల యోగక్షేమం చూడక తప్పదు.

రెండోదారి ముందునుంచి పంపడం. జర్మను నమూనా ఎల్.హెచ్.బి. పెట్టెల రైళ్లలో మొదట డీజిలు జనరేటర్ల బండి తగిలించేవారు. దాని చప్పుడు ప్లాట్‌ఫారమంతా వినబడేది. తరువాత పైతీగలోని 25,000 వోల్టుల కరెంటును ఇంజనులోనే మార్చి 750 వోల్టులతో వెనక పెట్టెలన్నిటికీ పంపే పద్ధతి బాగా వ్యాపించింది. అయినా ప్రతి పెట్టెలోనూ ఒక బాటరీ వుండనే వుంది. ముందుది ఆగితే ఆపద్ధర్మానికి.

మోటారు ఇంటివాళ్లకు మిగిలింది ఈ రెండోదారే. కారు ఇరుసుకు డైనమో కట్టుకోలేరు గదా! (చక్రాలతో చుట్టరికం వున్న ఎలక్ట్రిక్ కార్లది ఇంకోరకం కథ. ఈడిస్తే వాటి మోటారే అదుపులేకుండా కరెంటు పుట్టించవచ్చు. అందుకే నాలుగు చక్రాలూ నేలమీద వుంచి లాగవద్దని తయారుచేసేవారు సాధారణంగా హెచ్చరిస్తారు.) అయితే మావాడు ముందు బండినుంచి వెనకకు ఒక తీగ లాగే వున్నాడట! అదీ వాడి ఆశ్చర్యం.

ఇక్కడే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. రైలు 750 వోల్టులు పంపుతుంది. మోటారు ఇల్లు పంపేది 14 మాత్రమే. అంత తక్కువ వోల్టులతో అదే పని జరగాలంటే ఆంపియర్లు ఎక్కువ పారాలి, పారినకొద్దీ తీగ సుంకం వసూలు చేస్తుంది. దూరం 12 మీటర్లు అనుకోండి. రానూ పోనూ 24. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగితీగలో 5 ఆంపియర్లు పారితే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే ఖర్చు. బయలుదేరిన 14.2 వెనక్కు చేరేసరికి 12.8. నిండిన బాటరీ తాపీగా కూర్చుని వుండేదే 12.7 దగ్గర, దానిలోకి ఇంక ఎక్కేదేముంది? పైగా కరెంటు వెనక్కు పారకుండా తలుపుగా మామూలు డయోడు పెడితే అది మరో 0.7 వోల్టు మింగుతుంది. తలుపుకు రిలే మేలు. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం మూడోవంతు వోల్టుకు దిగుతుంది. లేదా వచ్చిన తక్కువ వోల్టులను కారు దగ్గర మళ్లీ పైకెత్తే చిన్న డి.సి. చార్జరు పెట్టుకోవాలి. తీగకు రెండు చివరలా బాటరీలున్నవి కనుక ఫ్యూజూ రెండువైపులా వుండాలి. ఒకవైపు పెట్టి ఊరుకుంటే రెండోవైపునుంచి నిప్పు రావచ్చు. కారు నెత్తిన చిన్న సోలారు పలక పెట్టేవారూ వున్నారు. మబ్బుపట్టిన రోజున దాన్ని నమ్మలేం.

ఇంత హైరానా ఎందుకు, ఊరు చేరాక పక్కవాడి బాటరీతో తగిలించి లేపుకోవచ్చు గదా అనిపిస్తుంది. మావాడి ఉత్తరంలో ఆ ధోరణే కనబడింది. కాని ఈడ్చే కారులో విడిగా ఒక బ్రేకు యంత్రం పెడతారు. ముందు బండి ఆగినప్పుడు ఇది కారు బ్రేకును తొక్కుతుంది. కొక్కెం తెగి కారు విడిపోతే తనంతట తాను బ్రేకు వేసే మీట కూడా వుంటుంది. చాలావాటిలో ఈ రెండింటికీ తిండి ఆ కారు బాటరీయే. రైలులో పెట్టెలు విడిపోతే గాలిగొట్టం తెగి బ్రేకు దానంతటదే పడుతుంది, దీపాల బాటరీతో దానికి నిమిత్తం లేదు. ఇక్కడ అలా కాదు. ఎండిన బాటరీతో వచ్చే కారు హైవేమీద తెగితే వెనక వచ్చేవారికి అది బ్రేకులేని టన్నున్నర ఇనుము.

కనుక మావాడికి వ్రాసిన జవాబులో మొదటివాక్యం ఇది: ముందు ఇంజను నడుస్తుండగా, కారు తాళంచెవి ప్రయాణపు మెట్టులో వుండగా, వోల్టుమీటరు కారు బాటరీమీదే పెట్టి చూడు. 13.5 కు తక్కువ చూపితే తీగ మార్చేదాకా కారు తగిలించకు.