అడుగు దొరకని పాట

సంపాదకులు గారికి,

పాత పాటల్లో ఉన్న తీపి ఇప్పటి పాటల్లో లేదంటూ ఈ మధ్య మీ పత్రికలో వరుసగా లేఖలు వస్తున్నాయి. ఆ రాసేవాళ్ల దృష్టిలో పాత పాటంటే ఘంటసాల, సుశీల పాడినవి. నాకూ ఇష్టమే. కానీ మా దిక్కు ముసలివాళ్లకు అవి కూడా పెళ్లి పందిట్లోకి మైకుసెట్టుతో వచ్చిన కొత్త పాటలే. తీపిని బట్టి తూచితే ఎవరు పడుచుతనంలో విన్న పాట వాళ్లకు గొప్పదవుతుంది. ఆ తగువు తెగేది కాదు.

కొత్తదనాన్ని తప్పు పట్టలేను. మా నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గారు చేసిందేమిటి? గొల్లసుద్దుల వరుస తీసుకొని అందులో దొరల వెట్టినీ, సంఘాన్నీ పెట్టారు. అప్పటి పెద్దల చెవులకు అదెంత వింతగా తగిలిందో! సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాట 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతు ఎక్కి మళ్లీ తెలుగునాడంతా తిరిగింది. సినిమా వల్లే జానపదం చచ్చిందనేవాళ్లు దీనికేమంటారు?

కిన్నెర సంగతీ చూడండి. దాన్ని వాయించే దర్శనం మొగులయ్య గారిది పాలమూరు దిక్కు లింగాల మండలం అవుసలికుంట. దేవరకొండలో ఉండే నాకు పెద్ద దూరమేమీ కాదు. అయినా పన్నెండు మెట్ల కిన్నెర నేను మొదటిసారి విన్నది 2021లో, 'భీమ్లా నాయక్' పాట మొదట్లో, అదీ ఫోన్‌లో. సిగ్గుపడాల్సింది నేను, ఆ పాటకు సంగీతం కట్టిన తమన్ కాదు. వెదురు కట్టె, ఎండు సొరకాయ బుర్రలు, మెట్లను పట్టి ఉంచే తేనెమైనం. ఇంతటి వాయిద్యం మీద పండుగ సాయన్న కథ ఊరూరా నడిచేది. సినిమా పాటలో మొగులయ్య గారు కాసేపు పాడగానే డ్రమ్ములు అందుకుంటాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న ఫోటోలూ వచ్చాయి. ఫోన్‌లో మెచ్చుకున్నాం సరే, ఆ కథ చెప్పించుకునే వాకిళ్లు ఏవి?

నా బాధంతా వాకిలి గురించే. పోయినేడు సద్దుల బతుకమ్మకు మా వాడకట్టులో ట్రాక్టర్ మీద డీజే పెట్టించారు. చందా నేనూ ఇచ్చాను. మా పెద్దమ్మ మూడు చుట్లు తిరిగి అరుగు మీద కూర్చుంది. "మోకాళ్లు నొస్తున్నయా?" అంటే "కాదు బిడ్డా, అడుగు దొరుకుతలేదు" అన్నది.

మునుపు ఆమె ఒక చరణం చెబితే తక్కినవాళ్లు అందుకునేవారు. గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని బట్టి పాట నడిచేది. ఏ ఇంటి బతుకమ్మైనా రావడం ఆలస్యమైతే నాలుగు చరణాలు ఎక్కువ పాడేవారు. మరిచిపోతే పక్కామె అందించేది. ఆమెకూ గుర్తు రాకుంటే ఎదురుగా ఉన్న కోడలి పేరు పెట్టి అప్పటికప్పుడు కట్టేవారు, ఆ పిల్ల సిగ్గుతో చచ్చేది. డీజే పాట ఎవరి కోసమూ ఆగదు. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఎత్తిన కాలు దించకముందే ఇంకోటి మొదలు. ఆ రోజు మోగినవి సినిమా పాటలు కూడా కావు, బతుకమ్మ పాటలే. మంచి గొంతులే. చుట్టూ తిరిగేవాళ్లలో ఒక్కరి నోరూ కదలలేదు.

అందుకే నేను చూసేది ఒక్కటే: విన్నవాడు తిరిగి అందుకునే చోటు పాటలో ఉందా? ఆ లెక్కన నా ఘంటసాల రికార్డులు ఓడిపోతాయి, పోనీయండి. గోరటి వెంకన్న పాట నెగ్గుతుంది. 2002లో 'కుబుసం' సినిమాకెక్కినా అది జనం నోట్లోంచి పోలేదు, వాయిద్యం లేకున్నా నడుస్తుంది.

ఈసారి డీజేకు అడ్వాన్స్ ఇచ్చే ముందు పెద్దమ్మతో మాట్లాడమని మా వాడకట్టు పిల్లలకు చెప్పాను. గంటసేపు వాదించి సగానికి ఒప్పుకున్నారు: చీకటి పడేదాకా ఆమె పాట, తర్వాత వాళ్ల బాక్సులు. పెద్దమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. తనతో అందుకోవడానికి నలుగురు ఆడపిల్లలు కావాలట, పండక్కి నెల ముందే పంపమంటున్నది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా