బదిలీ ఒకరిది... ప్రయాణం ఇంటిల్లిపాదిదీ

గుంటూరు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అమెరికా దారి అంటే హెచ్‌-1బి వీసాయేనన్నది మన జిల్లాల్లో స్థిరపడిపోయిన భావన. ఏటా 85 వేల వీసాలకు జరిగే లాటరీకి తోడు, 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వెలువరించడంతో ఆ దారి మరింత ఇరుకైంది. ఈ పరిస్థితుల్లో బహుళజాతి సంస్థ తన హైదరాబాద్ ఉద్యోగిని అమెరికా కార్యాలయానికి బదిలీ చేసే ఎల్‌-1 వీసావైపు చూపు మళ్లడం సహజమే.

దీనికి లాటరీ లేదు, వార్షిక పరిమితి లేదు. గడచిన మూడేళ్లలో కనీసం ఏడాదిపాటు అమెరికా వెలుపల అదే సంస్థలో నిరంతరాయంగా పనిచేసి ఉండాలి. మేనేజర్ స్థాయివారు గరిష్ఠంగా ఏడేళ్లు, సంస్థకు సంబంధించి ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారు ఐదేళ్లు ఉండవచ్చు. కుటుంబం కోణంలో చూస్తే అసలు ఆకర్షణ మరొకటుంది. 2022 ఆరంభం నుంచి ఎల్‌-2పై వెళ్లిన జీవిత భాగస్వామి ప్రత్యేక అనుమతి కార్డు కోసం ఎదురుచూడకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు. హెచ్‌-1బి ఉద్యోగి భార్యకు ఈ సౌలభ్యం లేదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం సాగితేనే ఆమె పని అనుమతికి దరఖాస్తు చేసుకోగలదు. ఇద్దరూ ఇంజినీర్లుగా ఉన్న ఇళ్లలో ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే ఇంటిల్లిపాది నివాసమూ ఒకే సంస్థ దయపై నిలిచి ఉంటుందన్న సంగతి వీడ్కోలు విందుల సందడిలో మరుగున పడుతోంది. ఎల్‌-1పై వెళ్లిన వ్యక్తి మరో సంస్థలో చేరడానికి వీల్లేదు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి మాత్రమే. ఆలోగా మరో వీసా హోదాకు దరఖాస్తు చేసుకోకుంటే, భార్యకు అక్కడ మంచి కొలువు ఉన్నా, పిల్లల పరీక్షలు నడుస్తున్నా అందరూ తిరుగుముఖం పట్టవలసిందే. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేల కొలువుల కోత ప్రకటించినప్పుడు ఎన్నో కుటుంబాలకు ఈ 60 రోజుల లెక్క అనుభవంలోకి వచ్చింది. అప్పుడు హెచ్‌-1బికి మారదామన్నా, గతంలో ఎంపిక కానివారికి మళ్లీ ఆ లాటరీయే దిక్కు.

పిల్లల వయసు మరో చిక్కు. 21 ఏళ్లు నిండగానే సంతానం ఎల్‌-2 హోదా కోల్పోతుంది. పదిహేనేళ్ల కుమారుడితో వెళ్లేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. భారత్‌లో పుట్టినవారికి గ్రీన్‌కార్డు నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతున్నందున అది ఆలోగా చేతికందుతుందన్న భరోసా లేదు. తిరిగివస్తే ఇక్కడా ఇబ్బందే. ఇంజినీరింగ్, వైద్య ప్రవేశాల్లో స్థానికతకు అర్హత పరీక్ష ముగిసేనాటికి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండటం ప్రధాన ప్రమాణం. తొమ్మిదో తరగతిలో వెళ్లి ఇంటర్మీడియట్‌కు తిరిగివచ్చిన విద్యార్థికి ఆ లెక్క తప్పుతుంది.

జీతం చీటీలో కనిపించే మరో కోత గురించి అడిగేవారు తక్కువ. సోషల్ సెక్యూరిటీ కింద ఉద్యోగి వేతనం నుంచి 6.2 శాతం మినహాయిస్తారు. పింఛనుకు అర్హత రావాలంటే సాధారణంగా పదేళ్ల చందా అవసరం. ఎల్‌-1 గడువేమో ఏడేళ్లు దాటదు. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలతో మనకు సామాజిక భద్రత ఒప్పందాలున్నా అమెరికాతో లేదు. అక్కడే స్థిరపడితే సరే, గడువు తీరి వచ్చేసేవారికి ఆ సొమ్ము దక్కదు.

ఇక వృద్ధ తల్లిదండ్రులకు ఎల్‌-2లో చోటు లేదు. వారు సందర్శక వీసాపై వెళ్లాలి. ప్రతి రాకకూ సాధారణంగా ఆరు నెలల వరకే అనుమతిస్తారు.