చెట్టుకూ ఇంటికీ మధ్య ఖాళీ జాగా

చెట్టు నీడనిస్తుంది, ప్రాణవాయువునిస్తుంది, వానలు కురిపిస్తుంది. హాస్టల్లో వ్యాసరచన పోటీ పెట్టిన ప్రతిసారీ మనమంతా ఇదే రాశాం, బహుమతులూ తీసుకున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఏ చెట్టు, ఎవరి ఇంటికి ఎంత దూరంలో అన్న ప్రశ్న మాత్రం మనలో ఎవరూ వేయలేదు. మిత్రులారా, ఈ వార్షికోత్సవ సంచికలోనైనా ఆ ప్రశ్న వేయాలనిపించింది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు నీలగిరి తోటలు కొత్త కాదు. నిజాం కాలంలో కాగజ్‌నగర్‌లో మొదలైన సిర్పూర్ పేపరు మిల్లు తొలినాళ్లలో వెదురుతో కాగితం చేసేది. తర్వాత నీలగిరి, సుబాబుల్ కర్ర కూడా కావలసి వచ్చింది. 2014లో మూతపడిన ఆ మిల్లు 2018లో మళ్లీ నడవడం మొదలుపెట్టింది. నీలగిరిని నాలుగైదేళ్లకు నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పశువులు ఆకు ముట్టవు. పత్తిలో నష్టపోయిన రైతు దీనివైపు చూడడంలో వింత లేదు. రైతును నిందించడం నా ఉద్దేశం కాదు.

బాధంతా తోట అంచున ఉంది. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వేసవి సెలవులకు ఇంటికి పోయాను. ఒక రాత్రి ఈదురుగాలి లేచింది. మా వాడ వెనుక తోటలోని నీలగిరి చెట్టు విరిగి, కరెంటు తీగను తెంపుకుని, పక్కింటి గూనపెంకల మీద పడింది. ఆ ఇంటి అవ్వ ఉక్కపోతకు వాకిట్లో పడుకుంది కాబట్టి బతికింది. ఇంటి గోడకూ తోట మొదటి వరుసకూ మధ్య పట్టుమని నాలుగడుగులు కూడా లేవు.

ఊరి చివర ఉండే ఇళ్లు ఎవరివి? ఎక్కువగా మనవే. ఊరి నడుమ చోటు లేక మన తాతలు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. అందుకే ఇది మన సమస్య.

గాలి ఒక్కటే కాదు, నిప్పు కూడా ఉంది. నీలగిరి ఆకులో నూనె ఉంటుంది. రాలిన ఆకులు, ఊడిన బెరడు వేసవిలో గలగలలాడుతూ నేలంతా పరుచుకుంటాయి. ఒక్క బీడీ ముక్క చాలు. పోర్చుగల్ దేశంలో 2017 జూన్‌లో నీలగిరి, పైన్ చెట్ల అడవులు అంటుకుని 66 మంది చనిపోయారు. వారిలో 47 మంది తప్పించుకోబోయి ఒకే రోడ్డు మీద చిక్కుకున్నవారు. ఇళ్ల చుట్టూ 50 మీటర్లు, రోడ్డుకు రెండు పక్కలా 10 మీటర్ల మేర మంట పట్టేవి తొలగించాలని అక్కడ 2006 నుంచే చట్టం ఉంది. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదని ఆ దుర్ఘటన చెబుతున్నది.

మరి మనమేం చేయాలి? ఇంటి పక్కనైతే, చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం వదలాలి. రోడ్డు పక్కన 10 మీటర్లు వదలాలి. కరెంటు తీగల కింద అసలు నాటకూడదు.

"ఎకరం ఉన్నవాడు అంత జాగా ఎలా వదులుతాడు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. ఒక వైపు 10 మీటర్లు వదిలితే దాదాపు ఆరో వంతు పోతుంది. కానీ వదలడమంటే బీడు పెట్టడం కాదు. వానకాలంలో అక్కడ పెసర, బొబ్బర, పశుగ్రాసం వేసుకోవచ్చు. వేసవికి ముందు దున్ని శుభ్రం చేస్తే చాలు. చిన్న రైతుకు కలిగే నష్టంలో కొంత ప్రభుత్వం, కర్ర కొనే మిల్లులు భరించాలి. ప్రభుత్వ తోటలు, పెద్ద ఆసాముల తోటలు ముందుగా దారి చూపాలి.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి గోడ నుంచి తోట మొదటి వరుస వరకు అడుగులు లెక్కపెట్టండి. ఆ లెక్క రాసి గ్రామసభలో చదవండి. మన పెద్దలు దండం పెట్టి అడిగేవారు. చదువుకున్న మనం లెక్క చూపించి అడుగుదాం. చెట్టు ఉండాలి, దాని పక్కన మన ఇల్లూ క్షేమంగా ఉండాలి.