చిక్కుడు పందిరికి విషమెందుకు?



శ్రీరంగాపూర్‌లోని మా ఇంటి పెరటిలో చిన్న చిక్కుడు పందిరి ఉంది. గడచిన శీతాకాలంలో దాని లేత కొనలు నల్లబడసాగాయి. దగ్గరికి వెళ్ళి పరిశీలిస్తే పూగుత్తుల నిండా పేనుబంక కనిపించింది. సంగతి తెలిసిన బంధువు ఒకరు, తమ పత్తి చేనుకు వాడగా మిగిలిన మోనోక్రోటోఫాస్ సీసా తెచ్చి ఇచ్చారు. దానిని నీళ్ళలో కలపబోతుండగా నా శ్రీమతి, “ఈ కాయలు పొరుగింటికి కూడా పంపుతాము కదా! ఏ మందు కొట్టామో వారికి చెప్పి ఇస్తారా?” అని అడిగింది. నా చేయి ఆగిపోయింది.

పొరుగువారి హక్కును గురించి విద్యార్థులకు ఏళ్ళ తరబడి బోధిస్తున్నవాడిని. చెప్పి ఇస్తే వారు తీసుకోరు. చెప్పకుండా ఇస్తే అది నమ్మకద్రోహం. పైగా ఆ మందును కూరగాయలపై వాడటాన్ని మన ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అది మొక్క లోపలికి ఇంకిపోయే విషం. కాయలను ఎంత కడిగినా పూర్తిగా తొలగదు. సీసాను గట్టిగా మూసి, పిల్లలకు అందనిచోట ఉంచమని చెప్పి బంధువుకు తిరిగి ఇచ్చివేశాను.

శత్రువును ఓడించాలంటే ముందు దానిని తెలుసుకోవాలి. పేనుబంక లేత కొమ్మల రసాన్ని పీల్చి, తియ్యని జిగురును విసర్జిస్తుంది. ఆ జిగురుపై నల్లని బూజు పెరుగుతుంది. ఆడ పురుగు మగదానితో నిమిత్తం లేకుండానే పిల్లలను కంటుంది. ఆ పిల్లలు సుమారు వారం రోజులలో తామూ తల్లులవుతాయి. కనుక ఒక్కసారి మందు కొట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు.

పందిరిపై చీమలు బారులు తీరితే ఆ జిగురు కోసమే వచ్చాయని గ్రహించాలి. దానికి ప్రతిఫలంగా అవి పేనుబంకకు కాపలా కాస్తాయి. అలాగని చీమల పుట్టను తగులబెట్టకండి. ఒక చీమ కుట్టినందుకు చీమల పుట్టనే కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించిన వృత్తాంతం హదీసులో ఉంది. పందిరి గుంజలకు ఆముదంలో తడిపిన గుడ్డ చుట్టితే చాలు, చీమల దారి మూసుకుపోతుంది.

ఇక చేయవలసిన పనులు ఇవి. మొదట, పురుగు బాగా పట్టిన కొనలను తుంచి పెరటికి దూరంగా పూడ్చిపెట్టాలి. మిగిలిన వాటిని నీటిధారతో ఆకుల అడుగుభాగం తడిసేలా కడగాలి. అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మూటను పిండి, నీటిని వడకట్టి, అందులో ఒక గ్రాము సబ్బు కలిపి సాయంత్రం వేళ చల్లాలి. ఎండ తగిలితే వేప సారం త్వరగా నశిస్తుంది. ముందుగా ఒకటి రెండు ఆకులపై చల్లి, అవి మాడకుంటేనే మొక్క అంతటికీ వాడాలి. వారానికి ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు చల్లాలి. యూరియా మితిమీరి వేయకూడదు. అతిగా లేతబారిన ఆకు పేనుబంకకు విందు భోజనం.

అయితే చల్లే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఎర్రని అక్షింతల పురుగులు కనిపిస్తే అవి మీ స్నేహితులే. నల్లని ఒంటిపై నారింజ మచ్చలుండే వాటి పిల్లలను చాలామంది చీడ అనుకొని నలిపివేస్తారు. నిజానికి అవే పేనుబంకను ఎక్కువగా తింటాయి. విషపు మందు మొదట చంపేది ఇలాంటి సహాయకులనే.

ఇదంతా పెరటి ముచ్చట, చేలలో సాగదని కొందరంటారు. పాల్వంచ సమీపంలోని పునుకుల గ్రామ రైతులు 20 ఏళ్ళ క్రితమే పురుగుమందులు మానేసి, వేపగింజల కషాయం వంటి పద్ధతులతో పత్తి పండించి చూపారు.

మా పందిరిలో ఒక తీగ ఎండిపోయింది. మిగిలినవి నెల రోజులలో కోలుకున్నాయి. మొదటి కోత కాయలను పొరుగింటికి పంపాము. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది అతని పక్షాన సదఖా అవుతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త వినిపించారు. ఆ సదఖాలో విషం కలవకుండా చూసుకోవటం మన బాధ్యత.