పిల్లి గిన్నెలో పచ్చి మాంసమా?

పిసినారి గురించి చెప్పాలంటే "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటుంటాం. పిల్లికి నాలుగు మెతుకులు వేయడం మన ఇళ్లలో అంత మామూలు సంగతి. పాలన్నమో, పెరుగన్నమో, చేప తలకాయో పెరట్లో ఓ మూల పెడితే తిని తన దారిన తాను పోయేది. ఇప్పుడు పిల్లి పెరట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మంచం మీదికి వచ్చేసింది. దాని తిండి కూడా దుకాణాలకెక్కింది. ఎండు గుళికల సంచులు, గ్రేవీ ప్యాకెట్లు అలవాటయ్యేలోపే నగరాల్లో మరో రకం వచ్చింది. పచ్చి మాంసం, కార్జం, ఎముకల పొడి కలిపి గడ్డకట్టించి అమ్మే ప్యాకెట్లు. "పిల్లి పుట్టుకతోనే వేటజంతువు, పచ్చిదే దానికి సహజం" అని ప్రచారం. పిల్లిని పెంచుకునే ఇల్లాలికి ఇక రెండు సందేహాలు. పచ్చిది నిజంగా మంచిదేనా? మంచిదే అయితే మన ఖర్చులో దొరికేది ఏది?

ఈ సందేహం నగరాలకే పరిమితం కాదు. సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలోని ఎర్రవల్లినే తీసుకోండి. 2016 డిసెంబరులో అక్కడ డబుల్ బెడ్‌రూం ఇళ్లకు గృహప్రవేశాలు జరిగాయి. అలాంటి ఊళ్లలో గూనపెంకుల ఇళ్లు, వడ్ల గుమ్ములు ఉన్న రోజుల్లో పిల్లికి వేరే వంట అక్కర్లేదు. గుమ్మి చుట్టూ తిరిగే ఎలుకలే దాని భోజనం. మనం వేసే పాలన్నం దానికి చిరుతిండి మాత్రమే. శ్లాబు ఇల్లు, టైల్స్ నేల వచ్చాక ఎలుకకు చోటు తగ్గుతుంది. పిల్లికి మన గిన్నే దిక్కవుతుంది. "ఎప్పట్నుంచో పాలన్నమే పెడుతున్నం గదక్కా, ఏమైంది?" అనే మాటకు జవాబు ఇక్కడే ఉంది. అప్పట్లో పిల్లి బతికింది మన పాలన్నంతో కాదు, ఎలుకతో.

ఆ ఎలుకలో ఏముంది? కండ, ఎముక, గుండె, కార్జం అన్నీ కలిసి ఉన్నాయి. కండ నుంచి మాంసకృత్తులు, ఎముక నుంచి కాల్షియం, కార్జం నుంచి విటమిన్ ఎ, గుండె నుంచి టారిన్ అందుతాయి. ఈ టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు కావలసినంత తయారుచేసుకోలేదు. తిండి ద్వారా రావాల్సిందే. అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం వదులై పిల్లి చనిపోతుంది. అమెరికాలో దుకాణపు తిండి తిన్న పిల్లులకు వచ్చే గుండెజబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు నిరూపించారు. ఆ తర్వాతే కంపెనీలు తమ తిండిలో టారిన్ పెంచాయి. అన్నంలో టారిన్ లేదు. పాలు పెద్దయిన చాలా పిల్లులకు అరగవు, విరేచనాలవుతాయి. కాబట్టి పిల్లికి మాంసం కావాలన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. మాంసం పచ్చిగానే ఉండాలన్నది మాత్రం వేరే మాట. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడంలోనే వ్యాపారం ఉంది.

పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010-2012 మధ్య 196 పచ్చి పెంపుడు ఆహార నమూనాలను పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా బయటపడ్డాయి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే చచ్చిపోతాయిగా అనుకుంటాం. చావవు, నిద్రపోతాయంతే. కరిగాక మళ్లీ లేస్తాయి.

దీనికి ఇప్పుడు బర్డ్ ఫ్లూ తోడైంది. 2023లో దక్షిణ కొరియాలోని సియోల్‌లో పిల్లుల సంరక్షణ కేంద్రాల్లో ఈ జబ్బు వచ్చినప్పుడు, సరిగా శుద్ధి చేయని బాతుమాంసపు ఆహారంలో వైరస్ దొరికింది. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో గడ్డకట్టించిన పచ్చి టర్కీ కోడి ఆహారం తిని ఓ ఇంటి పిల్లి చనిపోయింది. ఆ ప్యాకెట్లను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. ఇంటి గడప దాటకుండా పెరిగిన పిల్లికి ఆ జబ్బు గిన్నెలోంచే వచ్చింది. ఎక్కడో విదేశాల సంగతి అనుకోనక్కర్లేదు. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో పెంపుడు పిల్లుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ కనిపించింది. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాకు చెందిన ఓ చిన్నారి ఇదే జబ్బుతో కన్నుమూసింది. అంతకుముందు పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని కుటుంబసభ్యులు చెప్పారు. కోడిని బాగా ఉడికిస్తే ఈ వైరస్ నశిస్తుంది. మనం చికెన్ కూర ధైర్యంగా తింటున్నది అందుకే. ఆ రక్షణ మన కంచానికి ఉండి పిల్లి గిన్నెకు లేకపోతే ఎలా?

పిల్లి గిన్నె అంటే అది పిల్లిది మాత్రమే కాదని గృహిణులకు వేరే చెప్పాలా? ప్యాకెట్ కత్తిరించేది, గిన్నె తోమేది, గచ్చు తుడిచేది, పిల్లి మలం ఎత్తిపోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. అదే చేత్తో పాపకు ముద్దలు తినిపించాలి. ఇంట్లో దోగాడే పసివాడు ఉండొచ్చు, కాన్పుకు వచ్చిన కూతురు ఉండొచ్చు, క్యాన్సర్ మందులు వాడుతున్న అత్తగారు ఉండొచ్చు. పచ్చి మాంసం తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే, అది మలం ద్వారా బయటికి వస్తుంది. గర్భిణికి మొదటిసారి అది సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. అయితే పిల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టాల్సిన పని లేదు. మలంలోని ఆ జీవి అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ఏ రోజుకారోజు ఎత్తిపోయాలి. ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో ఇంకెవరైనా, భర్తే అనుకోండి, చేయాలి. ఉడికించిన తిండే పెట్టాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇక డబ్బు సంగతి. ప్యాకెట్ మీద ధర చూసి ఏది చవకో తేల్చలేం. రోజుకు ఎంత పడుతుందో చూడాలి. నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకు దాదాపు 200 కేలరీలు కావాలి. ఎండు గుళికల్లో నీరు తక్కువ కనుక 55 గ్రాములు సరిపోతాయి. పచ్చి మాంసపు ప్యాకెట్‌లో సగానికి పైగా నీరే, అందువల్ల 130 గ్రాముల పైనే పెట్టాలి. లెక్క కోసం గుళికలు కిలో 400 రూపాయలు, పచ్చి ఆహారం కిలో 500 రూపాయలు అనుకుందాం. చూడ్డానికి వంద రూపాయలే తేడా. నెల తిరిగేసరికి గుళికల ఖర్చు 660 రూపాయలైతే, పచ్చి ఆహారం దాదాపు రెండు వేలవుతుంది. మీ ఊళ్లో ధరలు వేసుకుని మీరే లెక్క కట్టండి. దీనికి ఫ్రీజర్‌లో చోటు, కరెంటు ఖర్చు అదనం. హైదరాబాద్‌లో కొన్న ప్యాకెట్ బస్సులో ఎర్రవల్లి చేరేలోపు మెత్తబడదని హామీ ఏది? వేసవిలో నాలుగు గంటలు కరెంటు పోతే? పారేయాల్సి వచ్చిన ప్యాకెట్‌ను మించిన ఖరీదైన తిండి లేదు.

ఏ ప్యాకెట్ కొన్నా ముందు వెనుకవైపు తిప్పి చూడండి. అది పిల్లులకు "సంపూర్ణ సమతుల ఆహారం" అని రాసి ఉందా, లేక "అనుబంధ ఆహారం" అని ఉందా? ఏ వయసు పిల్లికో చెప్పారా? అమెరికాకు చెందిన ఆఫ్కో, ఐరోపాకు చెందిన ఫెడియాఫ్ ప్రమాణాల్లో ఏదైనా పాటించామని ఉందా? పదార్థాల్లో టారిన్ ఉందా? తయారీ తేదీ, గడువు కనిపిస్తున్నాయా? "అనుబంధ" అని ఉన్నది అప్పుడప్పుడూ పెట్టే చిరుతిండి మాత్రమే. దాన్నే నెలల తరబడి పెడితే పిల్లి కడుపు నిండుతుంది కానీ ఒళ్లు గుల్లవుతుంది. పచ్చి మాంసపు ప్యాకెట్లలో చవకవి చాలావరకు చికెన్ తరుగే. ఎముక, కార్జం, గుండె ఏ పాళ్లలో కలిపారో చెప్పని ప్యాకెట్‌ను ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. కుక్క తిండి చవకగా వస్తోందని పిల్లికి పెట్టడం కూడా తప్పే. కుక్కకు చాలిన టారిన్ పిల్లికి చాలదు.

మరి మధ్యతరగతి ఇంటికి దారేమిటి? సంపూర్ణ ఆహారమని రాసి ఉన్న మామూలు గుళికలు ఆధారంగా పెట్టుకోండి. పక్కన ఎప్పుడూ మంచినీళ్లు ఉంచండి. రోజు తిండిలో పదోవంతు వరకు ఇంట్లో ఉడికించిన మాంసం ఇవ్వొచ్చు. అంటే రెండు వేళ్లంత ముక్క. ఆ పదోవంతు దాటనంత వరకు తిండి సమతూకం చెడదు. చికెన్ సెంటర్‌లో గుండెకాయ, కందనకాయ చవకగా దొరుకుతాయి. గుండెకాయలో టారిన్ సమృద్ధిగా ఉంటుంది. ఉప్పు, కారం, పసుపు ఏమీ వేయకుండా ఉడికించి, ఆ నీళ్లతో సహా పెట్టండి. టారిన్ కొంత నీళ్లలోకి దిగుతుంది కాబట్టి పారబోయొద్దు. కార్జం వారానికోసారి చిన్న ముక్క చాలు. రోజూ పెడితే విటమిన్ ఎ పేరుకుపోయి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

గుళికలు కొనే స్తోమతు లేక ఇంటి వంటే పెట్టాలనుకునేవారు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఎముకలు తీసేసిన మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు. వట్టి చికెన్ మీదే పెరిగిన పిల్లికూనల ఎముకలు పెళుసుబారి విరుగుతాయి. కాల్షియం, టారిన్ ఎంత కలపాలో పశువైద్యశాలలో అడిగి తెలుసుకోవాలి. పశువుల డాక్టరుగారు బర్రెలకే అనుకోవద్దు, మొహమాటపడకుండా వెళ్లండి. కాల్షియం పేరుతో ఉడికిన ఎముకలు వేస్తే మాత్రం పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మనం తిని వదిలేసిన కూర కూడా వద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

మర్కూక్ పక్కనే కొండపోచమ్మ సాగర్ ఉంది కాబట్టి చేపల మాట కూడా చెప్పుకోవాలి. మన చెరువుల్లో పెంచే బంగారుతీగ వంటి చేపల్లో, పచ్చిగా ఉన్నప్పుడు, విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. రోజూ ఆ చేపలు పచ్చివే తింటే పిల్లి తూలుతుంది, మెడ వాల్చేస్తుంది, మూర్ఛలు వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం విరిగిపోతుంది. ముళ్లు తీసి అప్పుడప్పుడూ పెట్టండి, సంతోషంగా తింటుంది.

ఇంత చెప్పినా పచ్చి ప్యాకెట్లే కొనాలనుకునేవారు ఉంటారు. పిల్లి వేరే ఏదీ ముట్టకపోవచ్చు, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే కావచ్చు. అలాంటివారు అధిక పీడనంతో శుద్ధి చేశామని రాసి ఉన్నవే ఎంచుకోవాలి. దానితో ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో కింది అరలో, మూత ఉన్న గిన్నెలో పెట్టి కరిగించాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. తినగా మిగిలింది వెంటనే తీసి పారేయాలి. దాని కత్తి, గిన్నె, పీచు వేరుగా ఉంచి, ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇవన్నీ రోజూ కుదరవనిపిస్తే ఆ తిండి మీ ఇంటికి కాదన్నమాటే.

అమ్మేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. మన ఊళ్లలో అమ్మే ప్యాకెట్ మీద మన భాషలో నాలుగు ముక్కలు రాయడానికి ఏమడ్డం? ఇది సంపూర్ణమా, అనుబంధమా, ఎంత చల్లదనంలో ఉంచాలి, పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నవి తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ముద్దుగా ఉన్న పిల్లి బొమ్మకు ఇచ్చే చోటులో నాలుగో వంతు దీనికిస్తే చాలు. కొనేవాళ్లు దుకాణంలో పదేపదే అడిగితే అదీ వస్తుంది.

పిల్లిని సహజంగా పెంచుతున్నామని పచ్చి మాంసం మీద మోజుపడాల్సిన పని లేదు. దానికి కావలసింది మాంసంలోని సత్తువ. అది ఉడికించిన గుండెకాయలోనూ ఉంది, సరిగ్గా చూసి కొన్న గుళికల్లోనూ ఉంది. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ప్యాకెట్ ముందువైపు బొమ్మ చూడకుండా వెనుకవైపు చదవండి. నెలకు ఎంతవుతుందో వేళ్ల మీద లెక్కేయండి. ఆ రెండూ కుదిరిన తిండి ఏదైతే అదే మీ పిల్లికి మంచిది, మీ ఇంటికీ మంచిది.