నీళ్ళు మారాయని సరిపెట్టుకోవద్దు

బదిలీ అయి కొత్త ఊరు చేరగానే కుక్కపిల్ల వాంతి చేసుకుంటే మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట, "నీళ్ళు మారాయి కదా, అదే సర్దుకుంటుందిలే!" మేమూ అలాగే అనుకున్నాం. మూడు బదిలీల కిందట, సామాను ఇంకా విప్పకముందే మా మూడు నెలల చిన్ని తిండి మానేసింది. రెండో రోజుకి విరేచనంలో రక్తం, భరించలేని వాసన. పార్వో అన్నారు. ప్రయాణం హడావిడిలో టీకా రెండో మోతాదు వాయిదా వేసింది మేమే. చిన్ని మాకు దక్కలేదు.

ఒకసారి కక్కి, వెంటనే తోక ఊపుకుంటూ గిన్నె దగ్గరికొచ్చే పెద్ద కుక్క విషయంలో ఒక పూట చూడవచ్చు. వాంతులు ఆగకపోయినా, రక్తం కనిపించినా, చిగుళ్ళు ఎండి జిగటగా మారినా, పిలిస్తే లేవకపోయినా ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొట్ట ఉబ్బి, ఓకరింతలే తప్ప ఏమీ బయటికి రాకపోతే అర్ధరాత్రయినా ఆగకూడదు. మన మాత్రలు అసలే వేయవద్దు. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

పిల్లలూ, కొత్త ఊళ్ళో గ్యాసు కనెక్షన్ కంటే ముందు పశువుల ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోవాలంటాం మేము. పెద్దవాళ్ళకు ఆ హడావిడిలో గుర్తుండదు, మీరే అడగాలి. టీకా కార్డు మీ టి.సి. ఫైల్లోనే పెట్టండి. ఇప్పుడున్న మా పిల్లి కార్డు మా పాప రిపోర్టు కార్డు పక్కనే ఉంటుంది.